నడిపించే దేవుడు: బిషప్ అజరయ్యగారి జీవితం



మన అధ్యక్ష మండలానికి నూరేళ్లు నిండిన ఈ శుభ సమయంలో వెనుకకు చూచి దేవుని స్తుతించడం మనకు సులభమే. ముందుకు చూడాలంటేనే గుండెలో దిగులు పుడుతుంది. పిల్లల చదువులు ఏమవుతాయో, ఉద్యోగం దొరుకుతుందో లేదో, పల్లెల్లో మన సంఘాలు నిలుస్తాయో లేదో అని కలవరపడుతుంటాము. తెలియని రేపటిని దేవుని చేతిలో పెట్టి నడవడం ఎలాగో మన నేల మీదనే చేసి చూపిన ఒక దైవజనుని జీవితాన్ని ఇక్కడ జ్ఞాపకం చేసికొందాము. ఆయన దోర్నకల్ మొదటి బిషప్, వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళై అనే తమిళ పల్లెలో పుట్టారు. తండ్రి తామస్ వేదనాయకంగారు హిందూ కుటుంబంలో నుండి క్రీస్తు చెంతకు వచ్చి, సంఘ గురువుగా సేవ చేసిన వ్యక్తి. తల్లి ఎల్లెనమ్మగారు కుమారుని కొరకు ఏళ్ల తరబడి ఎదురుచూచిన భక్తురాలు. హన్నా వలె అడిగి పొందిన బిడ్డ కనుక శామ్యూలు అనే పేరు ఆయనకు చక్కగా అమరింది. చిన్న వయస్సులోనే తండ్రి పోగా, తల్లి భక్తిలోను క్రమశిక్షణలోను పెంచింది.

పై చదువుకు మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లారు గాని, పట్టా పుచ్చుకోకుండానే బయటకు వచ్చారు. ఈనాటి తలిదండ్రులైతే బిడ్డ భవిష్యత్తు పాడైందని ఏడ్చి ఉందురు. దేవుడు ఆ యువకుని కొరకు వేరొక తలుపు తెరిచాడు. 1895లో ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతా తిరిగి యువకుల మధ్య పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడారు. పేరు, గౌరవం, స్నేహితులు, స్థిరమైన పని అన్నీ కుదిరాయి.

1902లో సిలోనులోని యాళ్పాణానికి వెళ్లినప్పుడు ఆయన ఒక సంగతి చూచారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత డబ్బుతో మిషనెరీలను పంపుతున్నారు. ఎన్నో తరాలుగా సువార్త విన్న తిరునెల్వేలి సంఘం ఎవరిని పంపింది? ఈ ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనెరీ సొసైటీ ఆరంభమైంది. 1905 డిసెంబరు 25న సెరంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ కూడ పుట్టింది. మనుష్యులు మనవారు, డబ్బు మనది, నిర్వాహం మనది అన్నదే వాటి నియమం.

తిరునెల్వేలి సొసైటీ ఎన్నుకొన్న పొలం నిజాం రాజ్యంలో, మానుకోట ప్రాంతంలోని దోర్నకల్. నేడది మహబూబాబాద్ జిల్లాలో ఉన్నది. 1904లో మొదటి మిషనెరీ అక్కడికి వెళ్లారు. ఇతరులను పొమ్మని పిలిచిన అజరయ్యగారికి తాను వెళ్లకుండా ఉండడం సాధ్యపడలేదు. 1909లో వై.ఎం.సి.ఎ. పని వదలి, డీకనుగా అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో ఆ మారుమూల ఊరికి వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పది ఐదేళ్లు. ఆ వయస్సులో అ ఆలు దిద్దుకొని తెలుగు నేర్చుకొన్నారు. ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊరూరా తిరిగారు. మాల, మాదిగ పల్లెలలో అరుగుల మీద కూర్చొని సువార్త చెప్పారు.

దోర్నకల్ వచ్చేటప్పుడు తాను బిషప్ కాగలనని ఆయనకు తెలియదు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో, పాశ్చాత్య మిషనెరీలు భారతీయ సేవకులకు అన్నీ ఇచ్చారు గాని సమానమైన స్నేహం ఇవ్వలేదని ఆయన సూటిగా చెప్పారు. వినినవారిలో అనేకులు నొచ్చుకొన్నారు. భారతీయుడు బిషప్ అవుతాడన్నప్పుడు మిషనెరీలలో కొందరు వ్యతిరేకించారు, మన దేశ క్రైస్తవులలోనూ కొందరు ఒప్పుకొనలేదు. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రలులో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్‌గా ఆయన అభిషేకం పొందారు. ఆరంభంలో ఆయనకు అప్పగించిన మండలం చిన్నది. తరువాత కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడ అందులో చేరాయి. ఆయన చివరి రోజులకు విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

కొత్తగా బాప్తిస్మం పొందినవారి చేత తమ చేయి తమ తల మీదనే పెట్టించి, సువార్త చెప్పడం తమ మీద మోపబడిన భారమని ఒప్పుకోలు చేయించేవారు. త్రాగుడుతోను, అప్పులతోను, మురికితోను, రోగాలతోను పోరాడటం పల్లె సంఘానికి నేర్పారు. మందిరపు గోపురాలలో, స్తంభాలలో ఈ దేశపు శిల్పమే కనబడాలని కోరి కట్టించిన దోర్నకల్ కతీడ్రలు, ఎన్నో ఏళ్ల కష్టం తరువాత 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది.

ఆయన మనసులోని పెద్ద ఆశ వేరొకటి. పల్లెలో ఒక్క క్రీస్తును నమ్మినవారు పలు మిషనుల పేర్లతో విడిపోయి ఉండడం ఆయనకు సిగ్గుగా తోచింది. 1919 మే నెలలో తరంగంబాడిలో కొద్దిమంది సేవకులతో కూడి సంఘాల ఐక్యత కొరకు పిలుపునిచ్చారు. ఆ చర్చలు ఏళ్ల తరబడి సాగాయి. ఎన్నోసార్లు ఆగిపోయినట్లే కనబడ్డాయి. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ఆయన ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. నెబో కొండ మీద మోషే దూరం నుండి చూచినట్లు చూచారే గాని, అందులో అడుగుపెట్టలేదు.

సంఘస్థులారా, నేను గృహదర్శనానికి వెళ్లినప్పుడు చాలామంది అడిగే మాట ఒకటే. అయ్యగారూ, దేవుని చిత్తం ముందుగానే తెలిసికొనే మార్గం ఏమిటి? కొందరు బైబిలు ఎక్కడో తెరిచి, కంటపడిన వచనమే జవాబు అనుకొంటారు. అజరయ్యగారి జీవితం మనకు వేరొక త్రోవ చూపుతుంది. ఆయనకు దేవుడు ముప్పది ఏళ్ల పటం ముందుగా గీసి ఇవ్వలేదు. యాళ్పాణంలో ఒక ప్రశ్న పెట్టాడు. దానికి లోబడినప్పుడు దోర్నకల్ కనబడింది. దోర్నకల్‌కు లోబడినప్పుడు తక్కినవి వచ్చాయి. అరణ్యంలో మన్నా ఏ రోజుకారోజే కురిసింది. నడిపింపు కూడ అట్లే. నేడు కళ్ల ముందున్న పనిని నమ్మకంగా చేసేవానికే రేపటి అడుగు కనబడుతుంది.

అంతమాత్రాన కోరినదంతా మన కాలంలోనే నెరవేరుతుందని అనుకోరాదు. ఐక్య సంఘాన్ని ఆయన చూడలేదు, మనం చూస్తున్నాము. ఆయన నాటిన చెట్టు నీడలో మనం కూర్చున్నాము. రాబోయే నూరేళ్లలో కూర్చునేవారి కొరకు మనం ఏమి నాటుతున్నామో ఈ పండుగ దినాలలో ప్రతి కుటుంబం ప్రార్థనాపూర్వకంగా ఆలోచించాలి. వారిని నడిపించిన దేవుడు మనలను, మన బిడ్డలను నడిపించును గాక. ఆమేన్.