ప్రకటన వెల – పత్రిక విలువ

వార్తాపత్రికకు రెండు వెలలు కలవు. పాఠకుడు చెల్లించు వెల మొదటి పుటపై అచ్చగును. ప్రకటనకర్త చెల్లించు వెల రేటు కార్డు అను వేరొక పత్రముపై నుండును. ఈ రెండవ వెలను కొనువానిగను, అమ్మువానిగను ఎరిగిన మహనీయులు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణా మండలమందలి ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైన పిమ్మట జీవనోపాధికై కలకత్తాకును, పిదప బొంబాయికిని వెడలిరి. బొంబాయిలో 1893లో అమృతాంజనమును తయారుచేసి అమ్మసాగిరి. కొత్త మందును జనులు నమ్ముటెట్లు? సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించిరని ప్రతీతి. వాడి చూచినవారే దాని వాడుకను పెంచిరి.

ఆ లాభమును ఆయన భోగములకు వెచ్చింపలేదు. 1908లో బొంబాయి నుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. 1914 ఏప్రిల్ 1న అది మద్రాసున దినపత్రిక అయ్యెను. కొలది నెలలకే ప్రపంచయుద్ధము వచ్చి కాగితము ప్రియమయ్యెను. అయినను పత్రిక ఆగలేదు. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్రగ్రంథమాల వెలసినవి. అక్షరసేవలో వచ్చిన లోటును అమృతాంజనపు రాబడి పూడ్చుచుండెను.

ఇంతకును ప్రకటన వెల ఎట్లు ఏర్పడును? పుటను నిలువు కాలములుగా విభజింతురు. ఒక కాలము వెడల్పున ఒక సెంటీమీటరు ఎత్తు గల చోటు నేటి కొలత. పూర్వము అంగుళములలో కొలిచెడివారు. సెంటీమీటరునకు 200 రూపాయలనుకొందము. రెండు కాలముల వెడల్పున, పది సెంటీమీటర్ల ఎత్తున వేసిన ప్రకటనకు 4,000 రూపాయలగును. మొదటి పుటకు వెల హెచ్చు. ప్రతుల సంఖ్య పెరిగినకొలదియు వెల పెరుగును. కనుకనే మేడ్చల్‌లోని ఒక పాఠశాల తన ప్రవేశముల ప్రకటనను జిల్లా పుటలలో మాత్రమే వేయించినచో, రాష్ట్రమంతటికిని వేయించుటకన్న తక్కువ వ్యయమగును.

అయితే ప్రతుల లెక్క నిజమని చెప్పువారెవరు? స్వతంత్రముగా లెక్క తేల్చు ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ మన దేశమున 1948లో గాని ఏర్పడలేదు. పంతులుగారి కాలమున యజమాని చెప్పిన సంఖ్యను ప్రకటనకర్త నమ్మవలసి యుండెను. నాడు వెలకు ఆధారము యజమాని సత్యసంధతయే.

ఇందొక గొప్ప చిక్కు కలదు. ప్రకటనలపైననే బ్రతుకు పత్రిక, ఆ ధనమిచ్చువానికి అప్రియమైన వార్తను వ్రాయుటకు జంకును. పంతులుగారు ఉప్పు సత్యాగ్రహోద్యమమున కారాగారవాసము చేసినవారు. ఏలికలకు వెరవని పత్రికకు తన మందు రాబడియే అండయైనది. 1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగినదియు మద్రాసులోని ఆయన గృహమునందే. 1938 ఏప్రిల్ 11న ఆయన దివంగతులైరి. ఆంధ్రపత్రిక 1991 వరకు నడచెను.

అమృతాంజనము వంటి అండ అందరికిని దొరకదు. అట్టి పత్రికలకు మిగిలిన రక్ష ఒక్కటే: వెలను అందరికిని ఒకే తీరున వెల్లడించుట, ప్రకటనను ప్రకటనగనే చూపుట. చోటును అమ్మవచ్చును, వార్తను అమ్మరాదు. విద్యార్థులు పత్రికను చేతబట్టినపుడు ఏది వార్తయో, ఏది వెలకు కొన్న చోటో గుర్తింప నేర్చినచో, పంతులుగారి శ్రమ సఫలమైనట్లే.