ఉక్కు మొన మీద అక్షరాలు

మన జంషెడ్‌పూర్‌లో ఉక్కు అంటే పట్టాలు, రేకులు, కడ్డీలు. ఇక్కడికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, హుగ్లీ నది ఒడ్డున, టాటా కర్మాగారం పుట్టడానికి వందేళ్ల ముందే ఒకాయన ఉక్కు మొనల మీద అక్షరాలు చెక్కారు. ఆయన పంచానన్ కర్మకార్.

ఆయనది హుగ్లీ జిల్లా త్రివేణి. కర్మకార్ అంటే కమ్మరి. వాళ్ల పూర్వీకులు రాగి రేకుల మీద, ఆయుధాల మీద పేర్లు, నగిషీలు చెక్కేవారు. చేతిరాతలోని వంపును లోహం మీదికి ఎలా ఎక్కించాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి చార్లెస్ విల్కిన్స్ బెంగాలీ అచ్చు అక్షరాలు తయారుచేస్తూ పంచానన్‌ను తోడు తెచ్చుకున్నారు. ఆ అక్షరాలతోనే 1778లో హాల్‌హెడ్ బెంగాలీ వ్యాకరణం అచ్చయింది.

ఆ పని ఎలా ఉండేదో చూడండి. ఉక్కు కడ్డీ చివర అక్షరాన్ని అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. కాల్చి గట్టిపరిచి, రాగి ముక్క మీద పెట్టి కొట్టాలి. రాగిలో పడిన గుంటలో కరిగించిన సీసపు మిశ్రమం పోస్తే అచ్చు అక్షరం వస్తుంది. ఇంగ్లీషుకు పెద్దవీ చిన్నవీ కలిపి 52 చాలు. మన లిపులకు గుణింతాలు, ఒత్తులు కలిపి వందలు కావాలి! బదిలీల వల్ల తెలుగు కంటే ముందు హిందీ రాయడం నేర్చిన మనలో కొందరికి ఒత్తులంటే ఇప్పటికీ భయమే. ఆయన అలాంటివాటిని ఉక్కులో చెక్కారు.

బైబిలును భారతీయ భాషల్లోకి తేవాలన్నది విలియం కేరీ తపన. 1800లో ఆయన, ఆయన సహచరులు శ్రీరాంపూర్‌లో ముద్రణాలయం పెట్టారు. పంచానన్ అక్కడ చేరి అక్షరాల పోతపని నిలబెట్టారు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన వెలువడింది. తరువాత సంస్కృతం కోసం నాగరి అక్షరాలు మొదలుపెట్టారు కానీ, 1804 ప్రాంతంలో కన్నుమూశారు. ఆయన దగ్గరే పని నేర్చిన అల్లుడు మనోహర్ దాన్ని అందుకుని దాదాపు నలభై ఏళ్లు కొనసాగించారు. క్రైస్తవ గ్రంథానికి అక్షరాలు చెక్కుతూనే మనోహర్ చివరిదాకా హిందువుగానే ఉన్నారు. అందుకు ఎవరి పనీ ఆగలేదు.

1812 మార్చి 11న ముద్రణాలయం తగలబడింది. కాగితం, కేరీ ఏళ్ల తరబడి రాసిన ప్రతులు బూడిదయ్యాయి. సీసపు అక్షరాలు ముద్దలుగా కరిగిపోయాయి. ఉక్కు మొనలు మాత్రం శిథిలాల్లో చెక్కుచెదరకుండా దొరికాయి! కరిగిన ఆ లోహంతోనే మళ్లీ అక్షరాలు పోతపోశారు.

1814లో కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన శ్రీరాంపూర్‌లోనే అచ్చయ్యాయి. వాటిని చూడటానికి పంచానన్ లేరు. మనోహర్ తరువాత ఆయన కొడుకు కృష్ణచంద్ర చేతికీ అదే ఉలి వచ్చింది.