పుదుచ్చేరి తీరాన కెప్టెన్ నెమో

ఢిల్లీ రాజకీయాలకు రెండు రోజులు దూరమై పుదుచ్చేరి కడలి ఒడ్డున నడుస్తుండగా, ఈ దేశంలో ఏనాడూ అడుగుపెట్టని ఒక ఫ్రెంచి రచయిత నాకు జ్ఞాపకం వచ్చాడు.

జూల్ వెర్న్ 1828లో నాంత్ రేవుపట్టణంలో న్యాయవాది కుమారుడుగా జన్మించాడు. తండ్రి కోరిక మేరకు పారిస్‌లో న్యాయశాస్త్రం చదివినా, మనసు నాటకాలపైనే ఉండేది. బతుకుతెరువుకు స్టాక్ ఎక్స్ఛేంజిలో పనిచేశాడు. 1863లో ఎట్జెల్ అనే ప్రచురణకర్త ఆయన బెలూన్ యాత్రా నవలను అచ్చువేయడంతో దశ తిరిగింది.

జలాంతర్గామి నాటిలస్ అధిపతి నెమోను వెర్న్ మొదట రష్యాపై పగబట్టిన పోలెండు కులీనుడుగా తలపెట్టాడు. రష్యాలో పుస్తకాల అమ్మకం దెబ్బతింటుందని ప్రచురణకర్త అడ్డుపడ్డాడు. 1875లో పూర్తయిన మరో నవలలో నెమో బుందేల్‌ఖండ్ యువరాజు డక్కర్ అనీ, 1857 తిరుగుబాటులో సర్వస్వం కోల్పోయినవాడనీ వెల్లడైంది.

బ్రిటిష్ పాలనను నిలదీసిన ఆ కలం, తన దేశపు జెండా కింద ఉన్న పుదుచ్చేరి, యానాంల నుండి అటువంటి వీరుని సృష్టించలేదు. పరాయి సామ్రాజ్యపు తప్పు కనిపించినంత తేలికగా సొంత సామ్రాజ్యపు తప్పు కనిపించదు కాబోలు.

1888లో అమియాఁ పురపాలక సభ్యుడై, 1905లో ఆ ఊళ్లోనే వెర్న్ కన్నుమూశాడు. 1954లో అమెరికా తొలి అణు జలాంతర్గామి నాటిలస్ పేరుతోనే నీట దిగింది. ఆ ఏడాది నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది.

ఊహించిన యంత్రం వాస్తవమైనా ఆ నవల పాతబడలేదు. దేశం కోల్పోయిన మనిషి ఆగ్రహానికి కాలదోషం పట్టదని నాకు తోస్తున్నది.