ఇంఫాలు కొండల సాక్షి - ఆబిద్ హసన్ సఫ్రానీ

విశాఖపట్టణమునకు వచ్చి రామకృష్ణా బీచిలోని కురుసురా జలాంతర్గామిని చూడక పోవువా రరుదు. 1969 డిసెంబరులో నౌకాదళమున చేరి, 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి నొందిన యా నావను ఒడ్డునకు చేర్చి, 2002 నుండి ప్రదర్శనశాలగా నుంచినారు. దాని పొడవు 91 మీటర్లు. లోనికి దిగినవాడు పదియడుగులు వేయక మునుపే తల యేదో యొక గొట్టమునకు తగులును. ఎదురుగా మనిషి వచ్చెనా, ఒకరు గోడ నంటుకొని నిలిచిన గాని రెండవవారికి దారి లేదు. మన మర్ధగంటలో ఆవలి ద్వారమున బయటపడి సముద్రపుగాలిని తనివిదీర పీల్చుకొందుము. ఇంచుమించుగా నంతే పొడవుగల యొక జర్మను జలాంతర్గామిలో డెబ్బది దినములకు పైగా, ఆపైని వేఱొక జపాను జలాంతర్గామిలో మఱికొన్ని దినములు గడపిన భారతీయు లిద్దరు గలరు. వారిలో నొకరు సుభాష్ చంద్ర బోసు. ఆయన నెఱుగనివారు లేరు. రెండవవాడు హైదరాబాదువాడు, పేరు ఆబిద్ హసన్. దేశమంతయు నిత్యము పలుకు ‘జై హింద్’ అను మాట నిచ్చిన వాడాతడే యైనను, ఆతని జీవితము తెలిసిన తెలుగువారు తక్కువ.

యుద్ధచరిత్రలను వ్రాయువారు సాధారణముగా సేనానులు, మంత్రులు, వారి వెనుక చరిత్రకారులు. బురదలో నడచినవాని మాట వానిలో వినబడదు. మన దేశమున నీ కొఱత మఱింత హెచ్చు. 1914-18 యుద్ధమున పదిలక్షలకు మించిన భారతీయులు సముద్రములు దాటి పోయిరి. వారిలో పెక్కురకు చదువు రాదు. ఇంకొకరిచే వ్రాయించుకొన్న యుత్తరములను సెన్సారు అధికారులు చదివి, తమ యవసరమునకు కొన్ని భాగముల నెత్తి వ్రాసికొనిరి. ఫ్రాన్సులో పోరాడిన మన సిపాయి మనస్సును నేడు మన మెఱుగుట కాధారము ముఖ్యముగా నా యెత్తివ్రాతలే. కాపలావాని దయవలన ఖైదీమాట మిగిలినట్లున్న దిది! రెండవ ప్రపంచ యుద్ధమున సుమారు ఇరువదియైదు లక్షలమంది సేనలో చేరినను, తమ కథను తాము చెప్పుకొన్నవారు మిక్కిలి కొలదిమంది. ఆబిద్ హసన్ ఆ కొలదిమందిలో నొకడు.

ఆతడు 1911లో హైదరాబాదున జన్మించెను. అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. నిజాము రాజధానిలో, ఆంగ్లేయుల మైత్రియే పెద్దఱికమునకు గుర్తుగా నెంచబడు కాలమున, ఆతని తల్లి ఫఖ్రుల్ హాజియా బేగము విదేశీవస్త్రములను తన యింటిముంగిట మంటపెట్టించిన మహిళ. గాంధీమహాత్ముడును సరోజినీ నాయుడును ఆమెను గౌరవించిరి. సోదరుడు బద్రుల్ హసన్ గాంధీజీకి సన్నిహితుడై పనిచేసెను. అట్టి యింట పెరిగిన బాలుడు సబర్మతి యాశ్రమమునకు పోవుట వింత గాదు. అచట నిలువలేకపోవుటయు వింత గాదు. అహింసామార్గము తనకు సరిపడదని తలచి విప్లవకారులతో చేరి, నాసిక్ చెరసాలను చూచి వచ్చెను. పిదప ఇంజనీరింగు చదువ దలచినపుడు ఇంగ్లండునకు పోవుట తల్లికి సమ్మతము గాలేదు. అందుచే జర్మనీకి పోయెను. ఆమె పట్టుదల కొడుకు జీవితము నే దారిన నడపునో యప్పుడెవ్వ రెఱుగుదురు?

1941లో బోసు కాబూలు మీదుగా బెర్లిను చేరెను. ఆయన మాటలు విన్న హసన్ చదువు కట్టిపెట్టి ఆయన కార్యదర్శియు దుబాసీయు నాయెను. ఉత్తరాఫ్రికాలో పట్టుపడిన భారతీయ యుద్ధఖైదీలనుండి యొక దళమును కూర్చుట వారి పని. ఆంగ్లేయుల సేనలో మతమును బట్టి, కులమును బట్టి కంపెనీలు విడివిడిగా నుండెడివి. వంటయు వేఱు, పలుకరింపును వేఱు. ఇచట నందరిని కలిపివేసిరి. కలిపినవెంటనే ఒక చిక్కు వచ్చెను: ఒకరి నొకరు ఏమని పలుకరించుకొనవలెను? మతముల వాసన లేని మాట కావలసి వచ్చెను. రాజపుత్ర సిపాయిలు రామునికి జయము పలుకుచు పలుకరించుకొనుట హసన్ విని, దానిలో రామునికి మాఱుగా దేశమును నిలిపి, మఱికొంత కుదించి, ‘జై హింద్’ అనెను. బోసు దానిని వెంటనే స్వీకరించెను. జెండా రంగు విషయమున కాషాయమా, ఆకుపచ్చయా యని వాదము పుట్టి, తుదకు హిందువులు తమ పట్టును విడిచిరట. ఆ యౌదార్యమునకు కరగి హసన్ తన పేరునకు కుంకుమపువ్వు వన్నెను చేర్చుకొని ‘సఫ్రానీ’ ఆయెను. ముసల్మానుడైన యొక యువకుడు తనకు తాను తెచ్చుకొన్న యింటిపే రిది.

1943 ఫిబ్రవరిలో యు-180 అను జలాంతర్గామి కీల్ రేవునుండి బయలుదేఱెను. ఎచటికి పోవుచున్నదియు హసనుకు ముందుగా తెలియదు. ఈ ప్రయాణమును గూర్చి ఆతడు చెప్పిన వానిలో వీరరస మల్పము. డీసెలు కంపు, నూనె కంపుతో నిండిన రొట్టె, పడక మీదనే కూర్చుండి వ్రాతపని - ఇవియే యెక్కువ. ఇందువలననే ఆతని సాక్ష్యము నమ్మదగియున్నది. నావ కొట్టులో బియ్యమును పప్పును కనుగొని కిచిడీ వండెనట. బోసు ఆ కిచిడీని జర్మను అధికారులకు కూడ పంచిపెట్టుచుండ, నిలువ త్వరగా తఱిగిపోవుచున్నదని ఈతడు లోలోపల గొణిగికొనెనట! బోసు మాత్రము రేపటి సేనకు ఉపన్యాసములు చెప్పుచుండెను, ఈతడు వ్రాసికొనుచుండెను. స్త్రీలతో నొక రెజిమెంటును ఏర్పఱుపవలెనను తలపు అచటనే రూపుదిద్దుకొనెను. ఏప్రిల్ 18న యు-180 కోర్బిస్ అను ఆంగ్లేయ తైలనౌకను ముంచెను. ప్రయాణమున నొకప్పుడు నావికుల పొరపాటున జలాంతర్గామి శత్రునౌక ముందఱ పైకి తేలి, ఢీకొన బోయి తప్పించుకొనెను. ఆ క్షణమున తన కలము ఆగిపోయెననియు, నాయకుడు మాత్రము చెప్పుట మానక, వ్రాయలేదేమని తన్నడిగెననియు హసన్ దాచుకొనక చెప్పినాడు. తన భయమును చెప్పుకొనగలిగిన సైనికుడు అరుదు.

ఏప్రిల్ నెల చివర, మడగాస్కరు దీవికి ఆవల, ఎగసిపడు కెరటములపై రబ్బరు తెప్పలో నిద్దరును జపాను జలాంతర్గామి ఐ-29కు మారిరి. మే ఆరంభమున సుమత్రా కొసనున్న సబాంగులో నేల మీద కాలుమోపిరి. ఆ రెండు నావలును 1944 జూలై ఆగస్టు నెలలలో సముద్రగర్భమున కలిసినవి.

ఇచట విశాఖవాసి మనస్సున నొక ప్రశ్న పుట్టక మానదు. 1942 ఏప్రిల్ 6న మన రేవు మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి జపాను విమానములే కదా? పట్టణము ఖాళీయై జనులు పల్లెలకు పరుగిడిన కథలను మన పెద్దలు చెప్పుచుండిరి. మన నెత్తిన నిప్పు వేసినవాని నావ నెక్కి స్వాతంత్ర్యము తెచ్చుట యెట్లు? ప్రశ్న న్యాయమైనది. నాజీలతోను జపాను సేనాధిపతులతోను బోసు చేసిన మైత్రిని పూర్తిగా సమర్థించుట మా వలన గాదు. కాని అదే సంవత్సరమున రంగూను వదలి, అరకాను కొండలమీదుగా కాలినడకను వచ్చిన తెలుగుకూలీలను, దారిలో నెవ్వరు ముందుగా తీసికొనిపోబడిరో, ఎవ్వరు వెనుక విడువబడిరో యడిగినచో, సామ్రాజ్యము తన ప్రజలను రక్షించిన తీరును వారును చెప్పియుందురు. కంచరపాలెమునొద్ద బర్మా క్యాంపు అను పేరు నేటికిని నిలిచియున్నది. మలయా బర్మాలలో నట్లు విడువబడిన కూలీలును, బందీలైన సిపాయిలును కలిసినదే ఆజాద్ హింద్ ఫౌజు.

1944లో హసన్ మేజరు హోదాతో గాంధీ రెజిమెంటున ఇంఫాలు రంగమునకు పోయెను. ఇంఫాలు రేపో మాపో పడిపోవునని జపానువారు నమ్మబలికిరి. అందుచే బరువైన మరతుపాకులను వెనుక విడిచి, మనిషికొక కంబళి, ఒక తుపాకి, యాబది గుండ్లతో మనవారు కొండ లెక్కిరి. ఇంఫాలు పడలేదు. మే ఆరంభమున పలేలు విమానాశ్రయముపై చేసిన దాడి నిలువలేదు. ఆహారము రాలేదు. వానలు వచ్చెను. ఆ కొండలపై వాన యనగా దారి తెగుట, బియ్యము తడియుట, పుండు చీముపట్టుట, మలేరియా, రక్తవిరేచనములు. రంగమునకు పోయిన సుమారు 6,000 మందిలో శత్రువు గుండ్లకు చచ్చినవారికంటె ఆకలికిని రోగమునకును చచ్చినవారు పెక్కురెట్లు. లొంగిపోయినవారును, పాఱిపోయినవారును గలరు. దానిని దాచుట చరిత్ర గాదు. జూలైలో వెనుకకు మరలుమని యాజ్ఞ వచ్చెను. చింద్విను నది వైపు నడచిన యా యాత్రలో హసన్ ఒకడు.

యుద్ధము ముగిసిన పాతికేండ్లకు, 1971లో, కలకత్తాలోని నేతాజీ పరిశోధనాలయము ఆతని చిన్నపుస్తకమును ‘ది మెన్ ఫ్రమ్ ఇంఫాల్’ అను పేర ప్రకటించెను. బోసునకు తనయంత చేరువగా మెలగిన మనిషి కలము పట్టినచో నాయకుని గూర్చియు, జలాంతర్గామి గూర్చియు వ్రాయునని లోక మెదురుచూచును. ఆతడు తిరిగివచ్చిన సిపాయిల గూర్చి వ్రాసెను. ఆ గుంపులో దేశపు నలుమూలలవారును ఉండిరి. సేనలో పనిచేయుటకు తగరని ఆంగ్లేయులు త్రోసిపుచ్చిన జాతులవారును, పఠానులు సిక్కుల పక్కనే యదే బురదలో నడచిరి. ఎవ్వరి కులమేమో, దేవుడెవ్వడో యడుగుటకు ఓపిక మిగులని ఆ స్థితిలో ఐకమత్యమన నేమో తనకు తెలిసెనని ఆతని యభిప్రాయము. అన్నేండ్ల తరువాతి జ్ఞాపకమున కొన్ని యంచులు మెరుగుపడియుండవచ్చును. ఓడిపోయినవాడు ఓటమిని కాక తోడివారిని జ్ఞప్తియందుంచుకొనుట మానవసహజము. అయినను ఆ పుస్తకము లేనిచో, పేరు లేక పోయిన వారికి సాక్ష్యము మఱింత తక్కువగా నుండెడిది.

1945 ఆగస్టు 17న బోసుతో బ్యాంకాకునుండి సైగాను వఱకు విమానమున పోయినవారిలో హసన్ ఉండెను. అచట జపానువారు ముందఱి విమానమున రెండు చోట్లు మాత్రమే యిచ్చిరి. రెండవ చోటు హబీబుర్ రహమానుకు దక్కెను. మరునాడు తైహోకులో జరిగిన ప్రమాదముపై దశాబ్దముల వివాదముతో మన కిచట పని లేదు. జలాంతర్గామిలో మూడునెలలు పక్కనున్నవాడు ఈ సారి విమానము క్రింద నిలిచిపోయెనను మాట చాలును. పిదప చెర, విడుదల, 1948 నుండి విదేశాంగశాఖలో కొలువు. కైరో, పీకింగు మొదలగు చోట్ల పనిచేసి, డెన్మార్కున రాయబారియై, 1969లో విరమించి హైదరాబాదు చేరెను. 1984 ఏప్రిల్‌లో కన్నుమూసెను.

ఆతని సోదరుని కుమార్తె సురయ్యా హసన్ బోసు, నేతాజీ సోదరుని కుమారుడైన అరవిందబోసు భార్య. 2021లో మరణించువఱకు ఆమె గోలకొండకు చేరువ దర్గా హుసేన్ షా వలీలో హిమ్రూ మష్రూ నేతలను నిలిపి, దిక్కులేని స్త్రీలకు మగ్గములపై పని నేర్పినది. ఆ మగ్గముల పక్కనే వారి బిడ్డలకొక బడి పెట్టినది. ఆ బడికి పెట్టిన పేరు సఫ్రానీ.