దోర్నకల్లుకు కదలివచ్చిన కుటుంబము

ధ్యాన భాగములు: ఆదికాండము 12వ అధ్యాయము 1 నుండి 9 వచనములు, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయము 8 నుండి 10 వచనములు.



ఊరు మారుట మన మెట్ట సీమ వారికి క్రొత్త సంగతి కాదు. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో ఏ ఇంట చూచినను, అత్తవారింటికి వెళ్ళిన కుమార్తెయో, బదిలీ మీద దూరము పోయిన ఉపాధ్యాయుడో, పని వెదకుకొనుచు హైదరాబాదు చేరిన కుమారుడో ఉండనే ఉందురు. మూట కట్టునప్పుడు ఏమి తీసికొని పోవలెనో అందరము ఆలోచింతుము. చేరిన తరువాత ఆ ఊరికి మనము ఏమి కావలెనో ఆలోచించువారు మాత్రము కొద్దిమంది. అట్లు ఆలోచించి, భార్యాపిల్లలతో పరాయి సీమకు కదలివచ్చి, అక్కడనే మట్టిలో కలసిన ఒకరి జీవితమును ఈ నెల మేము జ్ఞాపకము చేయుచున్నాము. ఆయన దోర్నకల్లు బిషప్పు వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై అను పల్లెటూరిలో పుట్టిరి. అది ఎర్ర ఇసుక నేల, తాటి చెట్ల సీమ. తండ్రి థామస్ వేదనాయకముగారు ఆ గ్రామ సంఘమునకు పాస్టరు. తలిదండ్రులు చాల ఏండ్లు ప్రార్థించిన మీదట కలిగిన కుమారుడగుటచే శామ్యూలు అని పేరు పెట్టిరి. హన్నా కథ ఎరిగిన మనకు ఆ పేరులోని భావము చెప్పనక్కరలేదు. 1889లో తండ్రి చనిపోయెను. తల్లి ఎలెన్ అమ్మగారి పెంపకములో ఆయన చదువు సాగెను. పాళయంకోటలో చదివి, పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి గాని పట్టము పొందలేదు. తరువాత వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతట యువకుల మధ్య పని చేసిరి.

1898లో ఆయనకు అన్బు మరియమ్మాళ్ గారితో వివాహము జరిగెను. దక్షిణ దేశమున కళాశాల చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. ఈ కథ ఒక్క అజరయ్యగారిది మాత్రమే కాదు, ఆమెది కూడ.

1902లో అజరయ్యగారు సింహళ ద్వీపమందలి యాళ్పాణమునకు వెళ్ళిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత కానుకలతో సముద్రమునకు ఇవతల, మన దేశములో, సువార్త పని జరిపించుచున్నారని చూచిరి. తిరునల్వేలి సంఘము వారికంటె ఎంతో పెద్దది. అయినను తన పొలిమేర దాటి ఎవరిని పంపలేదు. ఆ సంగతి ఆయనను పట్టుకొనెను. 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడెను. మన దేశపు మనుష్యులతో, మన దేశపు ధనముతో, మన దేశస్థుల నడిపింపుతో పని జరుగవలెనని దాని ఉద్దేశము. నైజాము రాజ్యములోని దోర్నకల్లు ప్రాంతమును పనికి ఎన్నుకొని, 1904లో మొదటి మిషనరీని పంపిరి.

అజరయ్యగారు ఆ సొసైటీకి కార్యదర్శి. తెలుగు సీమకు వెళ్ళుడని ఊరూర చెప్పుట, వెళ్ళువారికి కానుకలు కూర్చుట ఆయన పని. ఇతరులను పంపు మనిషి ఏదో ఒక దినమున తన్ను తాను ప్రశ్నించుకొనక తప్పదు. ఆయనకును ఆ దినము వచ్చెను. అప్పటికి ఆయనకు దేశమంతట పేరున్నది. 1907లో టోక్యో నగరమున జరిగిన విద్యార్థుల క్రైస్తవ మహాసభకు కూడ వెళ్ళి వచ్చిరి. అట్టివారు 1909లో, ముప్పది అయిదవ ఏట, వై.ఎం.సి.ఎ. ఉద్యోగము మానుకొని, గురు అభిషేకము పొంది, కుటుంబముతో దోర్నకల్లునకు తరలిరి.

ఆ ప్రయాణము ఎంతటిదో ఆలోచింతము. తిరునల్వేలి నుండి మద్రాసు, మద్రాసు నుండి బెజవాడ, బెజవాడ నుండి నైజాము రైలులో దోర్నకల్లు. అంతయు వెయ్యి కిలోమీటర్లకు మించిన దారి. బెజవాడ నుండి కొండపల్లి, మధిర, ఖమ్మము మీదుగా పోవు ఆ రైలు దారి మనకు తెలిసినదే. మధిరలోనో బోనకల్లులోనో రైలెక్కి దోర్నకల్లునకు పోయిన పెద్దలు మన సంఘములలో ఎందరో ఉండిరి. మనకు అది కొన్ని గంటల పయనము. ఆ కుటుంబమునకో, వేరొక లోకము.

దోర్నకల్లు అప్పుడు అడవుల నడుమనున్న చిన్న రైలు కూడలి. ఇల్లందు బొగ్గు గనుల నుండి వచ్చు శాఖ అక్కడ పెద్ద దారిలో కలియును. వచ్చిన క్రొత్తలో వారికి గుడారమే నివాసము. ఊరివారి మాట తెలుగు, సర్కారు మాట ఉర్దూ, వీరి ఇంటి మాట తమిళము. పేరుమోసిన ప్రసంగికుడు చిన్న బిడ్డవలె అ ఆలు దిద్దుకొనవలసి వచ్చెను. తెలిసిన భాషలో వేలమందిని కదిలించిన నోరు, తెలియని భాషలో మంచినీళ్ళు అడుగుటకు తడబడును. ఊరు మారిన ప్రతివారును ఈ తగ్గింపు ఎరుగుదురు. అజరయ్యగారు దానిని తప్పించుకొనలేదు. తెలుగు నేర్చి, తెలుగులో బోధించి, తెలుగు పాటలను, పల్లెల వాద్యములను ఆరాధనలోనికి ఆహ్వానించిరి.

1910లో ఆయన ఎడింబరో మహాసభకు పోయి మాటలాడిరి. పాశ్చాత్య మిషనరీలు ధనమును, ప్రాణమును ఇచ్చుచున్నను, మన దేశస్థులతో సమానులై స్నేహము చేయుట లేదని సభ ముఖముననే చెప్పిరి. కొందరికి కోపము వచ్చెను. అయితే ఆ మాట చెప్పిన మనిషి తానే తన భాష, తన వారు లేని పల్లెలకు వచ్చి అట్టి స్నేహమునకు పూనుకొన్నవాడని మనము మరువరాదు. దోర్నకల్లు పల్లెలవారికి ఆయనయు పరదేశియే. మాల మాదిగ గూడెములలో కూర్చుండి వారి కష్టసుఖములు వినుట ఆయనకు సభలో చెప్పిన మాట కాదు, దినచర్య.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కతీడ్రలులో అజరయ్యగారికి బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘములో మన దేశస్థుడు బిషప్పగుట అదే మొదటిసారి. 1920 ప్రాంతమున కృష్ణా సీమలోని సి.ఎం.ఎస్. సంఘములును ఆయన డయాసిసులో చేరెను. నందిగామ దాపున రాఘవాపురములో పగోలు వెంకయ్యగారు 1859లో డార్లింగు దొరగారి చేత బాప్తిస్మము పొందిన నాటి నుండి ఎదిగిన సంఘములు ఈ విధముగా ఒక తమిళ కాపరి చేతిలోనికి వచ్చెను. మన తాతముత్తాతలకు ఆయన కాపరి అయినది ఇట్లే.

ఆయన ఏలుబడి అంతయు ప్రయాణమే. రెండెడ్ల బండి మీద, సైకిలు మీద, కాలినడకన పల్లె పల్లె తిరిగిరి. క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత, సువార్త చెప్పకపోయిన యెడల తమకు శ్రమ అని ఒప్పుకొనునట్లు చేయుట ఆయన పద్ధతి. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములోని ఆ మాట, చదువు రాని కూలివానికిని కంఠపాఠమై పోయెను. త్రాగుడు మానుడి, ఇల్లు వాకిలి శుభ్రముగా ఉంచుకొనుడి, కానుక ఇచ్చుటకు పేదరికము అడ్డు కాదు అని నేర్పిరి. వండుటకు ముందు పిడికెడు బియ్యము దేవుని కొరకు తీసిపెట్టు అలవాటు ఆయన సంఘములలో ఇంటింట వేళ్ళూనెను. గూడెముల వారి నడత మారుట చూచి, 1930ల నాటికి ఇతర కులములవారును అనేకులు సంఘములో చేరిరి.

ఇంటిలో అన్బు అమ్మగారి పని తక్కువది కాదు. దోర్నకల్లులో గురువిద్య చదువు విద్యార్థులు భార్యాపిల్లలతో కూడ వచ్చి ఉండెడివారు. భర్తకు చదువు, భార్యకును చదువు. పల్లెకు పోవునది ఒక్క పాస్టరు కాదు, ఒక కుటుంబము అని వారు ఎరిగియుండిరి. తల్లుల సమాజమును అమ్మగారు నడిపించిరి. తాను పరాయి ఊరిలో కాపురము దిద్దుకొన్న స్త్రీయే గదా, బదిలీ మీద పోవు పాస్టరు భార్యకు ఏమి కావలెనో ఆమెకు తెలియకపోవునా?

దోర్నకల్లులోని ఎపిఫనీ కతీడ్రలు ఏండ్ల తరబడి కట్టబడి, 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. దానిలో గుడి గోపురపు పోలికయు, మసీదు గుమ్మటపు పోలికయు కలవు. పరాయి దేశపు దేవాలయమును తెచ్చి నిలిపినట్లు గాక, ఈ నేల నుండియే లేచినట్లు కనబడవలెనని ఆయన కోరిక. ఆ కట్టడము ఆయన జీవితము వంటిదే.

1945 జనవరి 1న, క్రొత్త సంవత్సరపు దినమున, అజరయ్యగారు దోర్నకల్లులోనే ప్రభువునందు నిద్రించిరి. కతీడ్రలు ఆవరణలోనే ఆయన సమాధి కలదు. 1912లో కొద్ది వేల మందితో మొదలైన డయాసిసు అప్పటికి రెండు లక్షలకు మించిన సభ్యులతో ఉండెను. 1919లో తరంగంబాడిలో ఆయన పూనుకొన్న సంఘైక్య యత్నము, ఆయన మరణించిన రెండేండ్లకు, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా నెరవేరెను. ఆ దినమును ఆయన కన్నులార చూడలేదు. అబ్రాహాము కూడ వాగ్దానమును దూరము నుండియే చూచెను గదా.

ఆదికాండము 12వ అధ్యాయమును మరల తెరచి చూడుడి. అబ్రాహాము పోయిన చోటనెల్ల రెండు పనులు చేసెను. గుడారము వేసెను, బలిపీఠము కట్టెను. మనలో చాలమంది మొదటి పని మాత్రమే చేయుదుము. క్రొత్త ఊరిలో గది దొరికెను, పని దొరికెను, బడి దొరికెను; ప్రార్థన మాత్రము పాత ఊరిలో విడిచి వచ్చితిమి. నందిగామలో ఉన్నంతకాలము ఆదివారము తప్పని కుర్రవాడు పట్టణములో గుడి వాకిలి ఎరుగడు. మరి కొందరు వెళ్ళిన చోట తమ ఊరివారిని, తమ కులమువారిని మాత్రమే వెదకుకొని, ప్రక్కింటివానిని పలుకరింపరు. అజరయ్యగారి కుటుంబము వచ్చినది తమవారిని వెదకుకొనుటకు కాదు. పరాయివారిని తమవారిగా చేసికొనుటకు.

మన సీమయు మారుచున్నది. 2022లో నందిగామ, జగ్గయ్యపేటలు కృష్ణా జిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చెను. కూలికి, ఉద్యోగమునకు దూరపు వారు మన ఊళ్ళకును వచ్చుచున్నారు. మాట యాసగా ఉన్నదని నవ్వక, వారిని మన గుడిలో ముందు చాప మీద కూర్చుండబెట్టుదమా? తమిళ యాసతో తెలుగు పలికిన కాపరి పోషించిన సంఘములము మనము. ఆ ఋణము తీర్చుకొనుటకు ఇదియే సమయము.

ఈ నెల ప్రతి కుటుంబమును, ఊరు విడిచి వెళ్ళిన తమ బిడ్డ ఒకరి పేరు, క్రొత్తగా ఊరికి వచ్చిన పొరుగువాని ఒకని పేరు ప్రార్థనలో ప్రభువునకు అప్పగింపుడి. మొదటివానికి ఒక ఉత్తరమైనను, ఫోనైనను చేయుడి. రెండవవానిని భోజనమునకు పిలువుడి.

ప్రభువు మన రాకను పోకను కాపాడును గాక. ఆమేన్.