పునరుత్థానమును పాడిన పురుషోత్తమ చౌదరిగారు

చదువవలసిన వాక్యభాగములు: యోహాను 20:1–18, రోమా 6:1–11, కొలస్సయులకు 3:1–11



ఈస్టరు దినమున మన గ్రామములలో కోడి కూయకముందే జనము లేతురు. లాంతర్లు, కొవ్వొత్తులు చేతబట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని, పాటలు పాడుచు సమాధుల తోటకు నడతురు. ముందటి దినముననే గడ్డి చెక్కి, సున్నము వేసి, బంతిపూలు పేర్చిన సమాధులమధ్య నిలువబడి తూర్పు తెల్లవారువరకు పాడుదుము. ఆ తోటలో మన తలిదండ్రులున్నారు. కొందరికి బిడ్డలును ఉన్నారు. అట్టిచోట నిలువబడి ప్రభువు లేచియున్నాడని పాడుట చిన్న సంగతి కాదు.

రెండు దినములకు ముందు, మంచి శుక్రవారపు ఆరాధనలో, మనము కన్నీళ్లతో పాడిన పాటలలో కొన్ని ఒక్కరి చేతినుండి వచ్చినవే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి. పురుషోత్తమ చౌదరిగారి పేరు మరల మరల కనబడును. ఆయన వ్రాసిన కీర్తనలు నూటికి పైగా ఉన్నవి. చదువురాని మన అవ్వలు సహితము వాటిని చరణము తప్పకుండ పాడుదురు. అయితే పాట తెలిసినంతగా, పాట వ్రాసిన మనుష్యుడు మనకు తెలియడు. ఎవరైన అడిగినయెడల, ఆయన గొప్ప బ్రాహ్మణుడు, క్రైస్తవుడాయెనని చెప్పి ఊరకుందుము. మేమును అనేక పర్యాయములు అట్లే చెప్పితిమి. ఆ మాట చెప్పునప్పుడు మన గొంతులో ఒక గర్వము పలుకును. చౌదరిగారు విడిచిపెట్టి వచ్చిన దానినే మనము ఏరుకొని ఆయన మెడలో మరల వేయుచున్నాము. ఈ మాసము ఆయన జీవితమును కొంచెము నిదానముగా చూతము.

చౌదరిగారు 1803వ సంవత్సరమున, అప్పటి గంజాం జిల్లాలో, పర్లాకిమిడి పరిసరములలో జన్మించిరి. అప్పుడు చిక్కాకోలు అని పిలువబడిన మన శ్రీకాకుళమును ఆ జిల్లాలోనిదే. వారిది బెంగాలునుండి వచ్చి ఈ ప్రాంతమున స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబము. చౌదరి అనునది వారి వంశమునకు వచ్చిన బిరుదు. ఈ దినములలో ఆ పేరు వినగానే కొందరు వేరొక కులమును తలంతురు, అది పొరపాటు. తండ్రి పేరు కూర్మనాథ చౌదరి. శ్రీకాకుళము ప్రక్కనున్న శ్రీకూర్మములోని దేవుని పేరే అది. ఇంటి భక్తి ఎట్టిదో ఆ పేరే చెప్పును. తల్లి సుభద్ర.

బాల్యమునుండి ఆయనకు ముక్తిని గూర్చిన తపన ఎక్కువ. గురువులను ఆశ్రయించిరి, మంత్రములు జపించిరి, నియమములు పాటించిరి. పాపము పోయినదను నెమ్మది మాత్రము దొరకలేదు. ఆ రోజులలో క్రైస్తవుల కరపత్రములును, తెలుగులో అచ్చయిన సువార్తలును ఊరూరికి చేరుచుండెను. లండను మిషనువారు 1805లో విశాఖపట్టణమునకు వచ్చిరి. వారిలో డీగ్రాంజెస్ అను దొరగారు తర్జుమా చేసిన మొదటి సువార్తలు 1812లోను, క్రొత్త నిబంధన యంతయు 1818లోను అచ్చుపడెను. మనము ఇప్పుడు సంచిలో పెట్టుకొని తిరుగు ఈ గ్రంథము చౌదరిగారి యౌవనమున క్రొత్త వస్తువు. దానిని ముట్టుటకే భయపడినవారుండిరి.

చిక్కాకోలులో హెలెన్ నాట్ అను ఒక క్రైస్తవ స్త్రీ ఉండెను. చౌదరిగారు ఆమెయొద్దకు వచ్చి, చదివినదానిని గూర్చి మాటలాడి, మరియెక్కువ నేర్చుకొనిరి. ఆమె పాదిరి కాదు. అధికారము గల మనిషియు కాదు. శాస్త్రములు చదివిన బ్రాహ్మణుడు ఒక స్త్రీయొద్ద దేవుని మాట వినుటకు వచ్చెననగా, ఆ కాలమున అది ఎంతటి సంగతియో మన పెద్దలకు తెలియును. ప్రభువు లేచిన వర్తమానమును మొట్టమొదట మోసినది మగ్దలేనే మరియ. పేతురు యోహానులు సమాధిలో నారబట్టలు చూచి ఇంటికి వెళ్లిపోగా, ఏడ్చుచు అక్కడనే నిలిచిన ఆమెకే ప్రభువు కనబడెను. మన సీమలోని ఈ పండితునికి కూడ సువార్త స్త్రీచేతిమీదుగానే అందెను. మన సంఘములలో స్త్రీల కూటము నడుపు తల్లులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక.

నమ్మిన తరువాత ఆయన కటకమునకు ప్రయాణమైరి. రైలుబండి అప్పటికి లేదు. వంశధార, బాహుదా, ఋషికుల్య నదులు దాటి, చిలుక సరస్సు ప్రక్కగా, రెండువందల మైళ్లకు పైబడిన దారి. జగన్నాథమునకు పోవు యాత్రికులు ఏటేట నడిచిన దారియు అదియే. కటకములో ఇంగ్లండునుండి వచ్చిన బాప్టిస్టు మిషనువారు పని చేయుచుండిరి. ఆ మిషనులో మొదట 1827లో బరంపురమున బాప్తిస్మము పొందిన ఎరున్ అనునతడు తెలుగువాడే. మరుసటి సంవత్సరము గంగాధర సారంగి అను ఒడియా బ్రాహ్మణుడు కటకమున బాప్తిస్మము పొందెను. ఈ రెండవవాని పేరు చాలమందికి తెలియును, మొదటివాని పేరు తెలిసినవారు బహు తక్కువ. ఏల తక్కువో మనము వేరుగా చెప్పుకొనవలసిన పని లేదు.

1833 అక్టోబరు 6వ తేదీ, ఆదివారము. ఆ దినమున చార్లెస్ లేసీ దొరగారు చౌదరిగారిని నీళ్లలో ముంచి బాప్తిస్మమిచ్చిరి. ఆ మిషనులో కులము నిలుపుకొని క్రైస్తవుడగుటకు త్రోవ లేదు. చేరినవాడు అందరితో కలిసి కూర్చుండి భుజింపవలెను. ఆ కాలమున కులము విడిచిన బ్రాహ్మణుడు బంధువుల లెక్కలో చచ్చినవాడే. అట్టివాడు బ్రతికియుండగానే స్నానము చేసి నీళ్లు వదలుకొను ఆచారము అగ్రహారములలో ఉండెడిది. కాబట్టి రోమా పత్రిక ఆరవ అధ్యాయములో అపొస్తలుడు బాప్తిస్మమును పాతిపెట్టబడుటతో పోల్చిన భాగము చదువునప్పుడు, అది పోలిక మాత్రమేనని మనము తలంతుము. చౌదరిగారికి అది పోలిక కాదు. నీళ్లలోనికి దిగినప్పుడు ఇల్లు, బంధువులు, పేరు, గౌరవము అన్నియు ఆయనతోకూడ మునిగెను. పైకి వచ్చినవాడు ఒక్క క్రీస్తు తప్ప వేరే ఆధారము లేనివాడు.

భార్య రాధామణిగారు వెంటనే ఆయనను వెంబడింపలేదు. వారి మధ్య ఎడబాటు కలిగెను. ఆమెను తప్పుపట్టుటకు మాకు మనసు రాదు. పెనిమిటి ఒకవైపు, పుట్టిల్లు అత్తిల్లు సమస్తము మరియొకవైపు అయినప్పుడు ఒక స్త్రీ హృదయమెట్లుండునో ఆలోచించుడి. కొంతకాలమునకు ఆమె వచ్చి భర్తను చేరి, తానును విశ్వసించెను. ఇంటిలో ఒకరే రక్షింపబడి తక్కినవారు దూరముగానున్న కుటుంబములు నేడును మన సంఘములలో ఉన్నవి. వారు ఈ తల్లిని జ్ఞాపకము చేసికొని ఆదరణ పొందవచ్చును.

తరువాతి సంవత్సరములలో చౌదరిగారు విశాఖపట్టణములోను, శ్రీకాకుళములోను, ఇతర స్థలములలోను సువార్తికులుగా తిరిగి, పిమ్మట సంఘ కాపరిగా పనిచేసిరి. ఏ ఊరిలో ఎన్ని దినములున్నారో లెక్క వ్రాయుట మా ఉద్దేశము కాదు. పాటలను గూర్చి మాత్రము కొంత చెప్పక తప్పదు.

ఆయనకు ముందు తెలుగు క్రైస్తవులకు ఉన్న పాటలు చాలవరకు ఇంగ్లీషునుండి తర్జుమా చేసినవి. రాగము దొరలది, మాటలు తెలుగువి. అవి మన నోటికి పట్టుట కష్టము. చౌదరిగారు పల్లవి, అనుపల్లవి, చరణములతో, మన రాగములలో మన తాళములకు కీర్తనలు కట్టిరి. భజన గోష్ఠులలో విని అలవాటుపడిన చెవికి అవి వెంటనే అందెను. కంజీర, తాళములు ఉన్న చాలును, హార్మోనియము లేకున్నను పాట నడచును. దేవాలయములోపల పాడినవి పొలములోనికి, ఊడుపు చేయు స్త్రీల నోటికి, రాత్రి గృహ కూటములకు చేరెను. సువార్తికుడు అడుగుపెట్టలేని వీధిలోనికి పాట పోయెను.

అన్నిటికంటె ముఖ్యముగా, చావు ఇంటిలోనికి పోయెను. మన పల్లెలలో విశ్వాసి నిద్రించిన రాత్రి సంఘమంతయు ఆ ఇంటిముందు కూడి తెల్లవారువరకు పాడును. దీపము ప్రక్క శవము, చుట్టును పాట. ఇతరులు దూరమునుండి విని, వీరు ఏడ్వక పాడుచున్నారేమని ఆశ్చర్యపడుదురు. మనము ఏడ్వకపోలేదు. నిరీక్షణ లేనివారివలె ఏడ్వవద్దని అపొస్తలుడు థెస్సలొనీక సంఘమునకు వ్రాసెను గాని, అసలే ఏడ్వవద్దని వ్రాయలేదు. లాజరు సమాధియొద్ద ప్రభువే కన్నీరు విడిచెను. దుఃఖమునకు పట్టుకొనుటకు ఒక చెయ్యి కావలెను. పదునైదు దశాబ్దములకు పైగా చౌదరిగారి కీర్తనలు మన జనమునకు అట్టి చెయ్యి అయినవి. పునరుత్థానమును గూర్చి ఆయన చేసిన గొప్ప ప్రసంగము ఏదనిన మేము దీనినే చూపుదుము.

ఆయన గ్రంథములలో నిస్తార రత్నాకరము ఒకటి. నిస్తారమనగా దాటించుట, విడిపించుట. బెంగాలీ, ఒడియా బైబిళ్లలో పస్కా పండుగకు నిస్తారపర్వమని పేరు. ఈస్టరు ఆ పస్కా దినములలోనే వచ్చెను గదా. యేసునాయక శతకము మరియొకటి. ఇవి పద్యములు తెలిసినవారికి రుచించును. కులాచార పరీక్ష అను పుస్తకము మాత్రము అందరికొరకు వ్రాసినది. పేరులోనే సంగతి ఉన్నది. కులముల ఆచారమును తెచ్చి వెలుగులో నిలువబెట్టి పరీక్షించిరి. పై కులమువాడు దానిని వ్రాయుట విశేషము. కులమువలన నష్టపడినవాడు దానిని తిట్టుట సహజము, దానివలన లాభము పొందినవాడు దానిని విడుచుట కష్టము. కొలస్సయులకు వ్రాసిన పత్రికలో, క్రీస్తుతోకూడ లేపబడినవారు పైనున్నవాటిని వెదకవలెనని మొదలుపెట్టిన అపొస్తలుడు, పది వచనములు దాటగానే యూదుడు, గ్రీసు దేశస్థుడు, దాసుడు, స్వతంత్రుడు అను భేదము లేదను చోటికి వచ్చెను. పునరుత్థానమునుండి కులమునకు దూరము అంతే. చౌదరిగారు ఆ అధ్యాయమును మధ్యలో ఆపక చివరివరకు చదివినవారు.

మనమో, సగములో ఆపుచున్నాము. మన జిల్లాల సంఘములలో మాల, మాదిగ, రెల్లి కుటుంబములవారున్నారు, కొండలలో సవర సోదరులున్నారు, ఇతరులును ఉన్నారు. బల్లయొద్ద ఒక్క రొట్టె విరుతుము. సంబంధము మాటలాడునప్పుడు ఆ రొట్టె జ్ఞాపకమునకు రాదు. బ్రాహ్మణుడైన చౌదరిగారి పాటను ఒక్క గొంతుతో పాడి, ఇంటికి వచ్చి, ప్రక్క వీధివాడు ఫలానివాడని చెప్పుకొందుము. ఇది వ్రాయుటకు మాకు సిగ్గుగా ఉన్నది. మేము వేరుగా లేము.

చౌదరిగారు వృద్ధాప్యమువరకు పాడుచు, బోధించుచు జీవించి, 1890లో, 86 ఏండ్లు నిండి, ప్రభువునందు నిద్రించిరి. అంతకు ముందే కెనడియన్ బాప్టిస్టు మిషనువారు మన ప్రాంతములకు వచ్చియుండిరి. ఆయన పాటలు ఆ సంఘములలోనికిని, గోదావరి కృష్ణలు దాటి లూథరను సంఘములలోనికిని, తెలుగువారు కూలికి ఓడలెక్కి పోయిన దూర దేశములకును పోయెను.

మాకు తెలిసిన ఒక గ్రామమున సమాధుల తోట మధ్య ఒక మట్టి గట్టు ఉన్నది. మోకాలెత్తు మాత్రమే. గట్టునకు ఇటు ఒక కులపువారి సమాధులు, అటు మరియొక కులపువారివి. ఎవరు వేసిరో పెద్దలు చెప్పలేరు, గట్టును మాత్రము ఏటేట వానలకు చెదరకుండ మన్ను వేసి బాగుచేయుచు వచ్చిరి. గడచిన ఈస్టరు ఉదయమున పాట నడుచుచుండగా ఒక ముసలమ్మ లాంతరుతో ఆ గట్టు దాటి అవతలికి పోయెను. కలిసి ఊడ్పులు ఊడ్చిన స్నేహితురాలు ఆ ఏడే అక్కడ సమాధి చేయబడినదట. ఆమె అక్కడ నిలువబడి చౌదరిగారి కీర్తన ఎత్తుకొనగా, పాట విడువలేక కొందరు పిల్లలు, వారివెంట తల్లులు గట్టు దాటిరి. పెద్దలు కొందరు ఇవతలనే నిలిచిరి.

ఈ సంవత్సరము పరిశుద్ధ వారములో శనివారమునాడు సంఘ పెద్దలు తోటలో కూడుకొందురని కబురు వచ్చినది. గడ్డి చెక్కుటకు వచ్చు యువకులను ఈసారి పారలతోపాటు రెండు గునపములును తట్టలును తెమ్మని చెప్పిరట.