బస్సు బోర్డు మీద ఉన్న మనిషి

శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి వెళ్లే పుష్పక్ బస్సుల్లో ఒకదాని బోర్డు మీద ఏఎస్ రావు నగర్ అని ఉంటుంది. రోజూ చూసే బోర్డే. అది ఒక మనిషి పేరని ఈ సెమిస్టర్ దాకా నాకు తట్టలేదు.

నాది సీఎస్ఈ. ఆప్టోఎలక్ట్రానిక్స్ వైపు వెళ్లాలని ఆశ. ఎలక్ట్రానిక్స్ మైనర్‌కి సబ్జెక్టులు ఎంచుకునే ఫారమ్ ముందు పెట్టుకుని, లేజర్, ఫోటోనిక్స్ అన్న పేర్లున్నవన్నీ టిక్ చేద్దామనుకున్నా. సరిగ్గా అప్పుడే ఆయన గురించి చదివాను.

అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. బెనారస్ హిందూ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేశారు. 1946లో టాటా స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌కి వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. అప్పటికే ఆయనకి ముప్పై దాటాయి. పంతొమ్మిదేళ్లకే లేటైపోయిందని నేను కంగారు పడుతున్నా!

తిరిగొచ్చాక హోమీ భాభా దగ్గర అణుశక్తి విభాగంలో చేరారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ మొదలైంది. ఆసియాలో అదే మొదటిది. దాని కంట్రోల్ సిస్టమ్ ఆయన టీమ్ ఇక్కడే తయారుచేసింది.

ఇక్కడే నేను ఆగిపోయాను. రియాక్టర్ లోపల జరిగేది కంటికి కనబడదు కదా. డిటెక్టర్ నుంచి వచ్చేది చాలా చిన్న సిగ్నల్. దాన్ని నాయిస్‌లోంచి వేరు చేయాలి, పెంచాలి, కొలవాలి, తేడా వస్తే వెంటనే రియాక్టర్‌ని ఆపేయాలి. మరి ఫోటోడయోడ్ కథేంటి? వెలుతురు పడితే అది ఇచ్చేది కూడా మైక్రోఆంపియర్లలో కరెంటే. పొగమంచు రోజు రన్‌వే మీద ఎంత దూరం కనిపిస్తుందో కొలిచే పరికరంలోనూ ఇదే పని. డివైస్ మారింది, దాని వెనక కావలసిన విద్య మారలేదు.

1963లో దేశంలో ఎలక్ట్రానిక్స్‌కి దారి చూపమని వేసిన భాభా కమిటీలో ఆయన ఒక సభ్యులు. 1965లో భట్నాగర్ బహుమతి వచ్చింది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలుపెట్టి నడిపించారు. రియాక్టర్ పరికరాలు చేసిన ఆ అనుభవమే తర్వాత కంప్యూటర్లకీ, టీవీలకీ పనికొచ్చింది. 1972లో పద్మభూషణ్ ఇచ్చారు. 2003లో కన్నుమూశారు.

చివరికి నేను అనలాగ్ సర్క్యూట్స్, సిగ్నల్ ప్రాసెసింగ్, ఎంబెడెడ్ సిస్టమ్స్ టిక్ చేశాను. ఆప్టోఎలక్ట్రానిక్స్‌ని ఆఖరి సెమిస్టర్‌కి ఉంచాను. అనలాగ్‌లో మార్కులు రావురా, సీజీపీఏ పోతుంది అని నా రూమ్మేట్ ఇప్పటికీ తిడుతున్నాడు. వాడన్నదీ నిజమే కావచ్చు, భయంగానే ఉంది. అయినా ఒక ఫోటోడయోడ్, రెండు ఆప్-యాంప్‌లు కొనుక్కొచ్చా. ట్యూబ్‌లైట్ వెలుతురు నాయిస్ లాగా వచ్చి పడుతోంది. ముందు దాని సంగతి చూడాలి.